హ్యాంక్ ఆరన్ 755 హోమ్ రన్లు: మైలురాళ్ల పట్టిక సరిచూడటం ఎలా? లెక్కలోకి ఏవి వస్తాయి?

స్కోర్‌బుక్:

నమస్కారం అండీ. తెలుగులో పెడుతున్న ఒక బేస్‌బాల్ క్విజ్ కోసం అమెరికన్ ఆటగాడు హ్యాంక్ ఆరన్ హోమ్ రన్ (బంతిని కొట్టి బ్యాటర్ నాలుగు బేస్‌లూ చుట్టి రావడం, సాధారణంగా బంతి కంచె దాటుతుంది) మైలురాళ్ల పట్టిక తయారవుతోంది. ఆడేవాళ్లలో ఎక్కువమంది క్రికెట్ లెక్కలు నోటికొచ్చినవాళ్లు. అంకె తప్పితే ఊరుకోరు. అందుకే ముందే ఇక్కడ అడుగుతున్నాను.

మొదటి చిక్కు మొత్తం దగ్గరే ఉంది. చాలాచోట్ల 755 అని రాశారు. కొన్నిచోట్ల 761, ఒకచోట 763 కూడా కనబడింది. ఏది వేయాలి? రెండోది తేదీలు. 100 నుంచి 700 దాకా ఒక్కో వందకీ ఒక్కోచోట ఒక్కో తేదీ, ఒక్కో ఊరు ఇస్తున్నారు. పాత పత్రికలన్నీ తిరగేయకుండా తప్పు పట్టుకునే దారి ఉందా? మూడోది, 714వది 1974 ఏప్రిల్ 4న కొట్టినవాడికి 715వది ఏప్రిల్ 8 దాకా ఎందుకు రాలేదు? మధ్యలో మ్యాచులు లేవా? ఇంకోటి, ఆరన్‌కి ముందు రికార్డు ఉన్న బేబ్ రూత్ మొత్తం 714 అని కొందరు, 715 అని కొందరు రాస్తున్నారు.

చివరగా, ఒక వంద నుంచి ఇంకో వందకి ఎన్ని రోజులు పట్టిందో చెప్పే గడి ఒకటి పెడదామని ఉంది. అది సరైన కొలతేనా?

ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్:

755 అనే వేయండి, అనుమానం వద్దు. మేజర్ లీగ్ కెరీర్ మొత్తంలోకి రెగ్యులర్ సీజన్ మ్యాచులే వస్తాయి. పోస్ట్‌సీజన్ (సీజన్ అయ్యాక టైటిల్ కోసం ఆడే మ్యాచులు) లెక్క వేరే పుస్తకం. అక్కడ ఆరన్ 6 కొట్టాడు: 1957 వరల్డ్ సిరీస్‌లో యాంకీస్ మీద 3, 1969లో మెట్స్ మీద నేషనల్ లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్‌లో 3. ఆ 6 కలిపినవాళ్లకి 761 వస్తుంది. 1971, 1972 ఆల్ స్టార్ (మేటి ఆటగాళ్ల ప్రదర్శన) మ్యాచుల్లో ఒక్కోటి కొట్టాడు, అవీ కలిపితే 763. అంకెలు అబద్ధం కాదు గానీ కెరీర్ హోమ్ రన్లు అనే శీర్షిక కింద వాటికి చోటు లేదు. కావాలంటే కింద వేరే వరుసలో చూపించండి.

1952లో ఇండియానాపొలిస్ క్లౌన్స్ తరఫున ఆడినవి కూడా కలపాలా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. నీగ్రో లీగ్స్ (వర్ణభేదం రోజుల్లో నల్లజాతి ఆటగాళ్లు ఆడిన లీగ్‌లు) గణాంకాలను మేజర్ లీగ్ రికార్డుల్లో 2024లో చేర్చిన మాట నిజమే. కానీ అవి 1920 నుంచి 1948 వరకు ఆడిన లీగ్‌లవి మాత్రమే. ఆరన్ క్లౌన్స్‌లో చేరేనాటికి ఆ గడువు దాటిపోయింది. కాబట్టి 755 మారలేదు. ఆ తర్వాత ఓ క్లేర్ (Eau Claire) ఊరి జట్టులో, 1953లో జాక్సన్‌విల్‌లో కొట్టినవి మైనర్ లీగ్ లెక్క.

మీ క్విజ్‌కి పనికొచ్చే సంగతి ఇంకొకటి: కంచె దాటినా లెక్కలోకి రాని బంతి. 1965 ఆగస్టు 18న సెయింట్ లూయిస్‌లో కర్ట్ సిమన్స్ వేసిన నెమ్మది బంతిని ఆరన్ ముందుకి అడుగేసి కొట్టాడు. అది రైట్ ఫీల్డ్ పైకప్పు మీద పడింది. అయితే కొట్టే క్షణంలో కాలు బ్యాటర్స్ బాక్స్ (బ్యాటర్ నిలబడే గీతల గడి) దాటిందని ప్లేట్ (బ్యాటర్ ఆడే, పరుగు పూర్తయ్యే చోటు) దగ్గరి అంపైర్ క్రిస్ పెలెకూడస్ ఔట్ ఇచ్చాడు. కాలు పూర్తిగా గీత బయట నేల మీద ఉండగా బ్యాట్‌కి బంతి తగిలితే అది ఎంత దూరం పోయినా ఔటే, నిబంధన అది. ఆ నిర్ణయం లేకపోతే 1965 సీజన్ 398 దగ్గర కాకుండా 399 దగ్గర ముగిసేది. 400వ హోమ్ రన్ పక్కన ఇప్పుడున్న పిచర్ (బంతి విసిరేవాడు) పేరు కూడా మారిపోయేది.

1959 మే 26 మ్యాచును కూడా కొందరు ఈ సందర్భంలోకి లాగుతారు. ఆ రోజు ఆరన్ జట్టు మిల్వాకీ బ్రేవ్స్ మీద పిట్స్‌బర్గ్ పిచర్ హార్వీ హాడిక్స్ 12 ఇన్నింగ్స్ దాకా ఒక్క బ్యాటర్‌ని కూడా బేస్ ఎక్కనివ్వలేదు. 13వ ఇన్నింగ్స్‌లో బ్రేవ్స్ బ్యాటర్ జో ఆడ్‌కాక్ కంచె దాటించాడు. మొదటి బేస్ మీదున్న ఆరన్, బంతి లోపలే పడిందనుకుని రెండో బేస్ దాటాక డగౌట్ (ఆటగాళ్లు కూర్చునే చోటు) వైపు తిరిగాడు. ఆడ్‌కాక్ అతన్ని దాటి ముందుకెళ్లాడు. ముందున్న రన్నర్‌ని దాటితే దాటినవాడు ఔట్. హోమ్ రన్ కాస్తా డబుల్ (రెండు బేస్‌ల హిట్) అయింది, స్కోరు 1-0గా ఖాయమైంది. పోయింది ఆడ్‌కాక్ హోమ్ రన్. ఆరన్ 755కీ దీనికీ సంబంధం లేదు.

బాక్స్‌స్కోర్_44:

తేదీలు తేల్చుకోవడానికి తేలిక దారి ఏడాది చివరి మొత్తాలు. ఏ సీజన్‌లో ఎన్ని కొట్టాడో ఎక్కడా తేడా లేదు:

1954లో 13, ఆపైన వరుసగా 27, 26, 44, 30, 39, 1960లో 40, తర్వాత 34, 45, 44, 24, 32, 1966లో 44, తర్వాత 39, 29, 44, 1970లో 38, తర్వాత 47, 34, 40, 1974లో 20, 1975లో 12, 1976లో 10.

వీటిని ఒకదాని మీద ఒకటి కూడుకుంటూ పోండి: 13, 40, 66, 110, 140, 179, 219, 253, 298, 342, 366, 398, 442, 481, 510, 554, 592, 639, 673, 713, 733, 745, 755. ఏ మైలురాయి ఏ ఏడాదిలో పడాలో ఈ వరుసే చెప్పేస్తుంది. 300వది 1962లో అని ఎవరైనా రాస్తే తప్పు, ఎందుకంటే 1962 ముగిసేసరికి 298 మాత్రమే. 500వది 1967లో అంటే తప్పు, అప్పటికి 481. రెండో మెట్టు, ఆ సీజన్‌లో అది ఎన్నోది అని చూడటం. 300వది 1963లో 2వ హోమ్ రన్, 400వది 1966లో 2వది, 600వది 1971లో 8వది. అంటే ఈ మూడూ సీజన్ మొదట్లోనే, ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో పడి ఉండాలి. ఆగస్టు తేదీ కనబడితే నమ్మొద్దు. 100వది 1957లో 34వది. అది సీజన్ రెండో సగంలో తప్ప పడదు.

ఇలా వడపోస్తే మిగిలే తేదీలు ఇవి. మొదటిది 1954 ఏప్రిల్ 23, సెయింట్ లూయిస్‌లో కార్డినల్స్ పిచర్ విక్ రాష్కీ మీద. 100వది 1957 ఆగస్టు 15, సిన్సినాటిలో డాన్ గ్రాస్ మీద. 200వది 1960 జులై 3, కార్డినల్స్ పిచర్ రాన్ క్లైన్ మీద. 300వది 1963 ఏప్రిల్ 19, న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో మెట్స్ పిచర్ రోజర్ క్రెయిగ్ మీద. 400వది 1966 ఏప్రిల్ 20, ఫిలడెల్ఫియాలో బో బెలిన్‌స్కీ మీద. 500వది 1968 జులై 14, అట్లాంటాలో జెయింట్స్ పిచర్ మైక్ మెకార్మిక్ మీద. 600వది 1971 ఏప్రిల్ 27, మళ్లీ అట్లాంటాలోనే, జెయింట్స్ పిచర్ గేలార్డ్ పెర్రీ మీద. 700వది 1973 జులై 21, అట్లాంటాలో ఫిలీస్ పిచర్ కెన్ బ్రెట్ మీద. ఆఖరిది 755, 1976 జులై 20, మిల్వాకీ కౌంటీ స్టేడియంలో ఏంజెల్స్ పిచర్ డిక్ డ్రాగో మీద.

ఊర్ల దగ్గర మూడు చోట్ల కాలు జారుతుంది. బ్రేవ్స్ జట్టు మిల్వాకీ నుంచి అట్లాంటాకి 1966లో మారింది కాబట్టి 400వది అట్లాంటాలో కొట్టాడని రాసేస్తారు. అది బయటి మ్యాచ్, ఫిలడెల్ఫియాలోని కాన్నీ మాక్ (Connie Mack) స్టేడియంలో. ఇక 100, 714 రెండూ సిన్సినాటిలోనే అయినా స్టేడియంలు వేరు: 100వది క్రాస్లీ ఫీల్డ్, 714వది రివర్‌ఫ్రంట్. 755వది కూడా మిల్వాకీలోనే కాబట్టి బ్రేవ్స్ తరఫున అనుకుంటారు. అప్పటికి అతను అమెరికన్ లీగ్‌లో బ్రూవర్స్ ఆటగాడు. జట్ల వారీగా కావాలంటే మిల్వాకీ బ్రేవ్స్‌కి 398, అట్లాంటా బ్రేవ్స్‌కి 335, బ్రూవర్స్‌కి 22. కూడితే 755 రావాలి, ఇది కూడా ఒక తనిఖీయే.

రోజుల గడి గురించి నా మాట: పెట్టకండి. పెడితే పక్కన ఎట్ బ్యాట్‌ల (లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశాల) గడి కూడా ఉండాలి.

స్కోర్‌బుక్:

చాలా మేలు చేశారండీ. ఆ కూడిక వరుస అచ్చం మాకు కావలసిందే. రోజుల గడి వద్దనడానికి కారణం కొంచెం వివరిస్తారా? నా లెక్క ప్రకారం 400 నుంచి 500కి 816 రోజులు, 600 నుంచి 700కీ సరిగ్గా 816 రోజులే. 500 నుంచి 600కి మాత్రం 1,017. అంటే 34 ఏళ్లకి నెమ్మదించి 37 దాటాక మళ్లీ పాత వేగం అందుకున్నాడని రాయొచ్చా?

బాక్స్‌స్కోర్_44:

రాయకూడదు. క్యాలెండర్ మోసం చేసేది సరిగ్గా ఇక్కడే.

ముందు 1,017 సంగతి చూడండి. ఆరన్ రోజుల్లో బేస్‌బాల్ రెగ్యులర్ సీజన్ ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ చివరి దాకా, ఎక్కువలో ఎక్కువ అక్టోబర్ మొదటి రోజుల దాకా. మిగతా ఆరు నెలలూ ఆట ఉండేది కాదు. 400 నుంచి 500 మధ్యలో రెండు శీతాకాలాలు వచ్చాయి, 600 నుంచి 700 మధ్యలోనూ రెండే. 500 నుంచి 600కి మూడు. ఆ అదనపు రెండు వందల రోజులు దాదాపుగా ఆ మూడో శీతాకాలానివే. జులైలో మొదలై ఏప్రిల్‌లో ముగిసిన వందకి ఆట లేని కాలం ఎక్కువ తగిలింది, అంతే.

ఇప్పుడు ఆ రెండు 816లు. రోజులు సమానం, ఆట సమానం కాదు. 1966, 67, 68 సీజన్లలో ఆరన్ 158, 155, 160 మ్యాచులు ఆడాడు. 1971, 72, 73లో 139, 129, 120 మాత్రమే. ఎట్ బ్యాట్‌లు మొదటి మూడేళ్లలో 603, 600, 606. తర్వాతి మూడేళ్లలో 495, 449, 392. ఏ సీజన్ రేటుతో ఆ సీజన్ వాటాని గుణిస్తే అంచనా వస్తుంది. 400 నుంచి 500కి 1966లో 42, 1967లో 39, 1968లో 19 కొట్టాడు, వీటికి సుమారు 1,570 ఎట్ బ్యాట్‌లు. 600 నుంచి 700కి 1971లో 39, 1972లో 34, 1973లో 27 కొట్టాడు, వీటికి సుమారు 1,120. అంటే అన్నే రోజుల్లో 450 ఎట్ బ్యాట్‌లు తక్కువ తీసుకుని అదే వంద పూర్తి చేశాడు. 37 నుంచి 39 ఏళ్ల ఆరన్, 32 నుంచి 34 ఏళ్ల ఆరన్ కంటే చాలా వేగంగా కొట్టాడన్నమాట. నా దృష్టిలో అతని కెరీర్ మొత్తంలో అతి గొప్ప సంగతి ఇదే. రోజుల గడి పెడితే అది పూర్తిగా మరుగున పడిపోతుంది.

క్రికెట్ వాళ్లకి ఎట్ బ్యాట్ అంటే ఏమిటో ఒక వాక్యం రాయండి. బ్యాటింగ్‌కి దిగిన ప్రతిసారీ ఎట్ బ్యాట్ అవ్వదు. నాలుగు బాల్స్‌తో (హద్దులో పడని బంతులతో) వాక్, అంటే ఉచితంగా మొదటి బేస్, వచ్చినా, బంతి ఒంటికి తగిలి బేస్ దొరికినా, శాక్రిఫైస్ (తాను ఔటై తోటి రన్నర్‌ని ముందుకి పంపే షాట్) ఆడినా అది లెక్కలోకి రాదు. ఆరన్‌కి మొత్తం 12,364 ఎట్ బ్యాట్‌లు ఉంటే, వాక్‌లు 1,402 విడిగా ఉన్నాయి. 12,364ని 755తో భాగిస్తే 16.4. అంటే సగటున 16 ఎట్ బ్యాట్‌లకి ఒక హోమ్ రన్. 1971లో ఇది 10.5, 1973లో 9.8. తొలి సీజన్ 1954లో 36, బ్రూవర్స్‌కి వెళ్లిన 1975లో 38.75. కెరీర్ సగటు ఒక్కటే ఇస్తే ఈ ఎత్తుపల్లాలేవీ కనబడవు.

ఇంకో సంగతి, సిక్సర్‌కి ఎప్పుడూ ఆరే పరుగులు. హోమ్ రన్‌కి బేస్‌ల మీద ఉన్నవాళ్లని బట్టి ఒకటి నుంచి నాలుగు. ఆరన్ గ్రాండ్ స్లామ్‌లు, అంటే నాలుగు పరుగులవి, 16.

పిచ్‌కౌంట్:

బాక్స్‌స్కోర్ గారు చెప్పినదానికి కారణాలు జోడిస్తాను.

మొదటిది పార్క్. అట్లాంటా స్టేడియం సముద్ర మట్టానికి సుమారు 1,000 అడుగుల ఎత్తులో ఉండేది. అప్పటి మేజర్ లీగ్ పార్కులన్నిటిలో అదే ఎత్తైనది. గాలి కాస్త పలచగా ఉంటే ఎగిరే బంతికి అడ్డు తగ్గి నాలుగడుగులు ఎక్కువ పోతుంది, దానికితోడు జార్జియా ఎండాకాలపు వేడి. ఆ మైదానానికి లాంచింగ్ ప్యాడ్ అని పేరు పడింది ఊరికే కాదు. అక్కడికి వెళ్లాక ఆరన్ బంతిని లెఫ్ట్ ఫీల్డ్ వైపు లాగి కొట్టడం పెంచాడు. మిల్వాకీలో ఉన్నప్పుడు మైదానం నలువైపులా కొట్టేవాడు.

అలాగని పార్క్ వల్లే 755 అనేవాళ్లకి మాత్రం ఒక్క అంకె చాలు: సొంత మైదానాల్లో 385, బయట 370. ఇంత దగ్గరగా ఉండటానికి కారణం, మిల్వాకీ రోజుల్లో కౌంటీ స్టేడియం అతని హోమ్ రన్లకి అనుకూలంగా ఉండేది కాదు. అక్కడ పోయినవి అట్లాంటాలో తిరిగొచ్చాయి.

రెండోది 1968. ఆ ఏడాది పిచర్లదే రాజ్యం. రెండు లీగ్‌లలోనూ పరుగులు పడిపోయాయి. ఆరన్ 606 ఎట్ బ్యాట్‌లలో 29 మాత్రమే కొట్టాడు, 21కి ఒకటి. 1969 నుంచి పిచర్ మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) ఎత్తు 15 అంగుళాల నుంచి 10కి దించారు, స్ట్రైక్ జోన్ (పిచర్ బంతి చెల్లే హద్దు) కుదించారు. ఆ ఏడాదే ఆరన్ 547 ఎట్ బ్యాట్‌లలో 44 కొట్టాడు, 12.4కి ఒకటి. అప్పటికి అతనికి 35 ఏళ్లు. 500వది ఆ గడ్డు సీజన్ నడిమధ్యలో పడిందని పట్టికలో ఒక మాట రాస్తే చదివేవాళ్లకి దాని బరువు తెలుస్తుంది. కొట్టించుకున్న మెకార్మిక్ అంతకు ముందు ఏడాది నేషనల్ లీగ్ సై యంగ్ అవార్డు (ఏటా మేటి పిచర్‌కి ఇచ్చేది) గెలిచినవాడు.

మూడోది విశ్రాంతి. 1971లో అతన్ని ఎక్కువగా పరుగు తక్కువుండే ఫస్ట్ బేస్ ఫీల్డింగ్‌కి మార్చారు. వరుసగా మ్యాచులున్నప్పుడు అప్పుడప్పుడూ పక్కన కూర్చోబెట్టారు. తక్కువ మ్యాచులు, తాజా కాళ్లు, ఎక్కువ రేటు.

ఒకే సీజన్‌లో 50 ఎప్పుడూ కొట్టలేదు, గరిష్ఠం 1971లో 47. 40 లేదా అంతకు మించి కొట్టిన సీజన్లు 8, 30 లేదా అంతకు మించినవి 15. 1955 నుంచి 1974 దాకా వరుసగా 20 సీజన్లు ఒక్కసారి కూడా 20కి తగ్గలేదు. జెర్సీ నంబర్ 44. సీజన్‌కి సరిగ్గా 44 కొట్టింది నాలుగుసార్లు: 1957, 63, 66, 69. క్విజ్‌లో ఇది బాగా పేలుతుంది.

మరో మంచి ప్రశ్న: 755లో బంతి కంచె దాటకుండా, పరుగెత్తి పూర్తి చేసినవి ఎన్ని? ఒకే ఒక్కటి, 1967 మే 10న ఫిలడెల్ఫియాలో జిమ్ బన్నింగ్ మీద. అతి ఎక్కువ కొట్టించుకున్న పిచర్ ఎవరంటే డాన్ డ్రైస్‌డేల్, 17.

లెఫ్ట్‌ఫీల్డ్:

1974 ఏప్రిల్ సంగతి ఎవరూ ఎత్తుకోలేదు కాబట్టి నేను చెబుతాను.

1973 సీజన్ 713 దగ్గర ఆగింది, రూత్‌కి ఒక్కటి తక్కువ. 1974 సీజన్ బ్రేవ్స్‌కి సిన్సినాటిలో మూడు మ్యాచులతో మొదలైంది: ఏప్రిల్ 4, 6, 7. సొంత అభిమానుల ముందు రికార్డు పడాలని బ్రేవ్స్ యాజమాన్యం అతన్ని ఆ మూడింటికీ పక్కన పెట్టాలనుకుంది. గెలవడానికి అత్యుత్తమ జట్టుని దించకపోవడం ఆటకి అన్యాయం అని బేస్‌బాల్ కమిషనర్ బౌయీ కూన్ అడ్డుపడ్డాడు. మూడింటిలో కనీసం రెండు ఆడించాలన్నాడు. ఏప్రిల్ 4న మొదటి ఇన్నింగ్స్‌లో, ఆ సీజన్‌లో తిప్పిన మొట్టమొదటి స్వింగ్‌తోనే జాక్ బిలింగ్‌హామ్ బంతిని కంచె దాటించాడు. మూడు పరుగుల హోమ్ రన్, అది 714. 5న మ్యాచ్ లేదు. 6న మేనేజర్ ఎడ్డీ మాథ్యూస్ అతన్ని దించలేదు. 7న కూన్ ఆదేశం మీద ఆడాడు, హిట్ ఏదీ రాలేదు. 8వ తేదీ సోమవారం రాత్రి అట్లాంటాలో డాడ్జర్స్‌తో మ్యాచ్. మీ ప్రశ్నకి జవాబు ఇదీ: నాలుగు రోజుల్లో అతను ఆడింది మధ్యలో ఒక్క మ్యాచే.

715వది నాలుగో ఇన్నింగ్స్‌లో పడింది. అంతకుముందు రెండో ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ పిచర్ ఆల్ డౌనింగ్ అతనికి వాక్ ఇచ్చాడు, ఆరన్ తర్వాత ప్లేట్ చేరాడు. ఆ పరుగుతో నేషనల్ లీగ్ పరుగుల్లో విల్లీ మేస్‌ని దాటాడు, ఆ రాత్రి ఎవరూ పెద్దగా పట్టించుకోని రికార్డు అది. నాలుగో ఇన్నింగ్స్‌లో బ్రేవ్స్ బ్యాటర్ డారెల్ ఎవాన్స్ ఒక ఎర్రర్ (ఫీల్డర్ పొరపాటు) వల్ల మొదటి బేస్ మీదున్నాడు. బంతి లెఫ్ట్ సెంటర్ కంచె మీదుగా వెళ్లింది. లెఫ్ట్ ఫీల్డర్ బిల్ బక్నర్ కంచె పట్టుకుని పైకెక్కినా అందలేదు. అవతల బ్రేవ్స్ బుల్‌పెన్‌లో (పిచర్లు వార్మప్ చేసే చోట) నిలబడ్డ పిచర్ టామ్ హౌస్ చేతుల్లో పడింది. రెండు పరుగుల ఆ హోమ్ రన్‌తో స్కోరు 3-3 సమమైంది, చివరికి బ్రేవ్స్ 7-4తో గెలిచారు. హాజరు 53,775. ఆల్ డౌనింగ్ జెర్సీ కూడా 44, ఇది మరిచిపోకండి.

తేదీ గడిలో ఒక జాగ్రత్త. అక్కడ టైము రాత్రి 9:07. ఇంధన కొరత వల్ల ఆ ఏడాది జనవరి నుంచే అమెరికాలో గడియారాలు గంట ముందుకి జరిపారు. ఆ లెక్కన మన దేశంలో అది 9వ తేదీ ఉదయం 6:37. భారత సమయానికి మార్చి రాసినవాళ్లు ఏప్రిల్ 9 అంటారు. రికార్డు పుస్తకాలన్నీ స్థానిక తేదీ 8నే వాడతాయి. మీరూ అదే ఉంచండి.

ఈ అంకెల పక్కన ఒక మాట తప్పకుండా ఉండాలి. 1973లో ఆరన్‌కి దాదాపు 9 లక్షల 30 వేల ఉత్తరాలు వచ్చాయి. అభిమానంతో రాసినవి ఎన్నో ఉన్నాయి గానీ, నల్లజాతివాడు రూత్ రికార్డు ముట్టుకోకూడదని, ముట్టుకుంటే చంపుతామని రాసినవీ గుట్టలుగా ఉన్నాయి. ఒక పోలీసు అధికారి అంగరక్షకుడిగా వెంట ఉండాల్సి వచ్చింది. కూతురి మీదా బెదిరింపులు వచ్చాయి. 713 దగ్గర ఆగి ఆ శీతాకాలమంతా గడపడమంటే ఆ ఉత్తరాలతో గడపడమే. 1953లో జాక్సన్‌విల్ తరఫున ఆడుతూ దక్షిణాదిలోని సౌత్ అట్లాంటిక్ లీగ్‌లో వర్ణభేదాన్ని ఛేదించిన కొద్దిమందిలో అతనొకడు, అదే వివక్ష 20 ఏళ్ల తర్వాత కూడా వెంటాడింది. 9.8కి ఒకటి అన్న రేటు వచ్చింది ఆ ఉత్తరాలు వచ్చిన 1973లోనే. ఇది లేకుండా 700, 714, 715 వరుసలు నింపితే సగం మాటే చెప్పినట్టు.

ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్:

రూత్ 714, 715 గొడవ ఇదండీ. 1920కి ముందు, ఆఖరి ఇన్నింగ్స్‌లో గెలుపు పరుగు ప్లేట్ చేరగానే ఆట అయిపోయినట్టే. కంచె దాటించినా, ఆ గెలుపు రన్నర్ ఎన్ని బేస్‌లు పరుగెత్తాలో అన్ని బేస్‌ల హిట్టే బ్యాటర్‌కి ఇచ్చేవారు. 1918 జులైలో రూత్ అలా కొట్టినది ట్రిపుల్‌గా (మూడు బేస్‌ల హిట్‌గా) నమోదైంది. 1968లో రికార్డుల కమిటీ అలాంటివన్నీ హోమ్ రన్లుగా మార్చాలని నిర్ణయించింది, రూత్ 715 అయ్యాడు. 1969లో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆనాటి నిబంధనతో ఆడిన ఆటని ఆనాటి నిబంధనతోనే లెక్కపెట్టాలన్నది సరైన పద్ధతి. 714 వేయండి.

పోలిక వరుస పెడుతుంటే రూత్ 8,399 ఎట్ బ్యాట్‌లు, 11.8కి ఒకటి. ఆరన్ 16.4. ఆరన్ రికార్డు దాటిన బ్యారీ బాండ్స్ 762, 9,847 ఎట్ బ్యాట్‌లు, 12.9కి ఒకటి. బాండ్స్ 756వది 2007 ఆగస్టు 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో మైక్ బాసిక్ మీద కొట్టాడు. ఆరన్ ముందే చిత్రీకరించి పంపిన అభినందన వీడియోని స్టేడియం తెర మీద చూపించారు. 700 దాటిన నాలుగో ఆటగాడు ఆల్బర్ట్ పుహోల్స్, 703, ఆ మైలురాయి 2022 సెప్టెంబర్ 23న. రేటు చూస్తే రూత్‌ది పైచేయి. అయితే ఆరన్ హోమ్ రన్లన్నీ పక్కన పెట్టినా 3,016 హిట్లు మిగులుతాయి (మొత్తం 3,771). 2,297 ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్‌తో జట్టుకి తెచ్చిన పరుగులు), 6,856 టోటల్ బేస్‌లు (హిట్లతో సంపాదించిన మొత్తం బేస్‌లు) ఇప్పటికీ ఎవరూ దాటలేదు. హోమ్ రన్లతోనే అతన్ని కొలవడం చాలదని ఈ రెండే చెబుతాయి.

జపాన్ ఆటగాడు సదహారు ఓ (Oh) కొట్టిన 868 జపాన్ లీగ్ లెక్క, దాన్ని ఇదే గడిలో కలపొద్దు. విడిగా ఇవ్వండి: 756వది 1977 సెప్టెంబర్ 3న. ఇద్దరూ 1974 నవంబర్ 2న టోక్యోలో హోమ్ రన్ పోటీలో తలపడ్డారు, ఆరన్ 10-9తో గెలిచాడు. బ్రేవ్స్ నుంచి బ్రూవర్స్‌కి అతని బదిలీ ఖరారైనదీ ఆ రోజుల్లోనే.

స్కోర్‌బుక్:

పట్టిక మార్చానండీ. రోజుల గడి తీసేశాను, దాని బదులు ఒక్కో వందకి ఏ సీజన్‌లో ఎన్ని అన్న విభజన పెట్టాను: 1 నుంచి 100కి 13+27+26+34, 100 నుంచి 200కి 10+30+39+21, 200 నుంచి 300కి 19+34+45+2, 300 నుంచి 400కి 42+24+32+2, 400 నుంచి 500కి 42+39+19, 500 నుంచి 600కి 10+44+38+8, 600 నుంచి 700కి 39+34+27. అన్నీ 100కి సరిపోతున్నాయి. ఫోటోల కోసం అట్లాంటాలో ఉంటున్న మనవాళ్లని అడుగుదామనుకుంటున్నాను, ఎక్కడికి వెళ్లమనాలి?

లెఫ్ట్‌ఫీల్డ్:

రెండు చోట్లు చెప్పండి. బ్రేవ్స్ ఇప్పటి మైదానం ట్రూయిస్ట్ పార్క్‌లో మాన్యుమెంట్ గార్డెన్ ఉంది. అక్కడ ఆరన్ విగ్రహం, వెనకాల 755 బ్యాట్‌లతో చేసిన అమరిక ఉంటాయి. రెండోది పాత అట్లాంటా స్టేడియం చోటు, ట్రూయిస్ట్ పార్క్ నుంచి దూరం. ఆ స్టేడియాన్ని 1997లో కూల్చేశారు. ఆ తర్వాత అది పక్కనున్న స్టేడియం పార్కింగ్ అయింది. 715వ బంతి దాటిన చోట కంచె ముక్కని అలాగే ఉంచారు, ఫోటో దాన్నే తీయమనండి. ట్రూయిస్ట్ పార్క్ కంచెని 715 పడిన చోటుగా వేసేస్తారు చాలామంది, ఆ మైదానం తెరిచింది 2017లో.

755వది మిల్వాకీలో కాబట్టి దానికి వేరేవాళ్లు కావాలి. కౌంటీ స్టేడియం కూడా ఇప్పుడు లేదు. బంతి పడిన చోట బ్రూవర్స్ వాళ్లు ఫలకం పెట్టారు, ఇప్పటి స్టేడియం ఆవరణలోనే ఉంటుంది.